షరాబు బల్ల నుంచి సర్టిఫికెట్ డబ్బీ వరకు

మన సంఘం ప్రత్యేక సంచికకు చరిత్రకు సంబంధించిన వ్యాసం ఒకటి రాయవలసిందిగా సంపాదకవర్గం వారు కోరారు. ట్రెజరీ శాఖలో ముప్పైమూడేళ్లు పనిచేసిన వాడిని కనుక నాకు తెలిసిన చరిత్ర డబ్బు చరిత్రే. నాణేలు ముద్రించిన రాజుల గురించి రాసిన వారు చాలామంది ఉన్నారు. ఆ నాణెం మంచిదా, చెడ్డదా అని తేల్చిన వారి గురించి రాసిన వారు తక్కువ. ఆ రెండో కథనే ఇక్కడ నాలుగు మాటల్లో చెప్పదలచాను.

దీనికి కారణం లేకపోలేదు. మన సభ్యులలో కొందరికి పాత నాణేలు సేకరించే అలవాటు ఉంది. ఈమధ్య వారి పిల్లలు వేలంపాటలలో పాల్గొని, గట్టి ప్లాస్టిక్ డబ్బీలో బిగించి, పైన గ్రేడు, నంబరు అచ్చువేసిన నాణేలను వేలకు వేలు పోసి కొంటున్నారు. డబ్బీ మీద సర్టిఫికెట్ ఉంది గదా, ఇంకేం భయం అనుకుంటున్నారు. ఆ సర్టిఫికెట్‌ను సరిచూసుకోవడం ఎందుకు అవసరమో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

ముగ్గురు చూసిన నాణేలు

క్రీ.శ. 5వ శతాబ్దంలో బుద్ధఘోషుడు రచించిన విసుద్ధిమగ్గంలో ఒక చక్కని ఉపమానం ఉంది. షరాబు బల్ల మీద నాణేల కుప్ప ఉంటుంది. దానిని ఒక పసివాడు, ఒక పల్లెటూరి మనిషి, ఒక షరాబు చూస్తారు. పసివాడికి వాటి ఆకారం, అందం మాత్రమే కనబడతాయి. పల్లెటూరి మనిషికి ఇవి చెల్లుబాటయ్యే డబ్బు అని తెలుసు గాని, వాటిలో ఏది మంచిదో, ఏది దొంగదో తెలియదు. షరాబుకు అన్నీ తెలుసు. కంటితో చూసి, మోగించి, వాసన చూసి, రుచి చూసి, చేతితో బరువు తూచి, ఏ ఊళ్లో ఎవరు చేసినదో కూడా చెప్పగలడు. జ్ఞానంలోని అంతరాలు వివరించడానికి ఆయన ఈ పోలిక తెచ్చాడు. మనకు మాత్రం ఆనాటి షరాబు పనితనమంతా ఇందులో దొరుకుతుంది.

అంతకు ముందే కౌటిల్యుని అర్థశాస్త్రంలో టంకశాలను చూసే లక్షణాధ్యక్షుడు వేరు, నాణేలను పరీక్షించే రూపదర్శకుడు వేరు. ముద్రించేవాడే పరీక్షించేవాడు కాకూడదనే నియమం ఇందులో కనబడుతుంది. బిల్లు రాసినవాడే దానిని పాస్ చేయకూడదని మన శాఖలో మనం పాటించిన సూత్రం ఇదే.

మన పాత వెండి విద్ధాంక నాణేల వెనుకవైపు చిన్న చిన్న గుర్తులు కనబడతాయి. పరీక్షించిన వర్తకులు వేసిన ముద్రలే ఇవని చాలామంది పండితుల అభిప్రాయం. మొగలాయీల కాలపు రూపాయల మీద కూడా షరాబుల ముద్రలు కనిపిస్తాయి. ఆ రోజుల్లో కొత్తగా ముద్రించిన సిక్కా రూపాయికి పూర్తి విలువ ఉండేది. ఏళ్లు గడిచిన కొద్దీ బరువు అంతగా తగ్గకపోయినా షరాబు దానిమీద వట్టం కోసేవాడు. నాణెం మీద రాజుగారి పేరున్నా, దాని చెల్లుబాటు షరాబు నోటిమాట మీద ఆధారపడి ఉండేది.

ఇందులో ఒక విచిత్రం ఉంది. ఆనాడు నాణెం మంచిదని సాక్ష్యం చెప్పిన ఆ ముద్రే, ఈనాడు గ్రేడు కట్టేవారి లెక్కలో చాలా సందర్భాలలో నాణేనికి తగిలిన దెబ్బ కింద జమ అవుతుంది. కాలం మారితే సాక్షి కూడా ముద్దాయి అవుతాడన్నమాట.

సర్కారు రూపాయి, ట్రెజరీ షరాబు

1835 నాటి చట్టంతో కంపెనీ పాలిత ప్రాంతాలన్నింటికీ ఒకే రూపాయి వచ్చింది. బరువు 180 గ్రెయిన్లు, అంటే సుమారు 11.66 గ్రాములు. పన్నెండు పాళ్లలో పదకొండు పాళ్లు వెండి. హైదరాబాదు సంస్థానంలో మాత్రం హాలీ సిక్కా వేరుగా నడిచింది. బ్రిటిషు రూపాయిని అక్కడ కల్దార్ అనేవారు. సుమారు ఏడు హాలీ రూపాయలకు ఆరు కల్దార్లు లెక్క. తెలంగాణ ప్రాంతపు పెద్దలకు ఈ మారకం గురించి ఇంట్లో విన్న సంగతులు గుర్తుండే ఉంటాయి.

సర్కారు రూపాయి వచ్చినంత మాత్రాన షరాబు పోలేదు. బజారులోని బల్ల దగ్గర నుంచి లేచి వచ్చి ప్రభుత్వ ట్రెజరీలో ఉద్యోగిగా కూర్చున్నాడు. 1906 నాటి నాణేల చట్టం దొంగ నాణెం చేతికి వస్తే దానిని కత్తిరించి పనికిరాకుండా చేసే అధికారాన్ని నియమితులైన ఉద్యోగులకు ఇచ్చింది. నేను 1971లో ఉద్యోగంలో చేరిన తాలూకా సబ్ ట్రెజరీలో వెండి రూపాయల కాలం చూసిన ఒక షరాబు ఉండేవారు. పాత రూపాయి చేతికిస్తే వేలికొస మీద నిలిపి, మరొక నాణెంతో మీటి, చెవి దగ్గర పెట్టుకొని వినేవారు. నగదులో చెడ్డ నాణెం బయటపడితే ఆ నష్టం ఆయనే కట్టుకోవాలి. అందుచేత ఎంత పెద్దమనిషి తెచ్చి ఇచ్చినా ఆయన మోగించకుండా తీసుకునేవారు కాదు.

రెండవ ప్రపంచ యుద్ధం నాటికి వెండికి కరవు వచ్చింది. 1940లో రూపాయిలో వెండిని సగానికి తగ్గించారు. దొంగ నాణేలు చేయడం కష్టమయ్యేలా అంచుమీద ప్రత్యేకమైన గాడి వేశారు. 1947లో వెండిని పూర్తిగా తీసేసి నికెల్ రూపాయి తెచ్చారు. ఈ మార్పుకు ముందటి 1939 నాటి మంచి వెండి రూపాయిలు చాలా అరుదు. 1938 నాటి రూపాయి మామూలుగా దొరుకుతుంది. దాని పక్కన 1939కి ఉన్న ధర ఆకాశమంత. ఒక్క అంకె తేడాలో ఇంత డబ్బు ఉన్నప్పుడు ఆ అంకెను చెక్కి మార్చేవారు పుట్టకుండా ఉంటారా? మార్చినవీ ఉన్నాయి, పోత పోసినవీ ఉన్నాయి. 1911 నాటి రూపాయి కథ కూడా ఇటువంటిదే. అయిదవ జార్జి అంగీ మీది ఏనుగు బొమ్మ పందిలా ఉందని గొడవ రేగడంతో మిగిలిన నిల్వ కరిగించారు. అరుదైనది కనుక దానికీ నకళ్లు వచ్చాయి.

డబ్బీ పుట్టిన కథ

చెలామణీ కోసం చేసే దొంగ నాణెం వేరు, సేకరించేవారిని మోసగించడానికి చేసే దొంగ నాణెం వేరు. రెండోదానికి ఐరోపాలో పాత చరిత్ర ఉంది. జర్మనీకి చెందిన కార్ల్ విల్‌హెల్మ్ బెకర్ (1772–1830) ప్రాచీన నాణేలకు అచ్చులు తానే చెక్కి నకళ్లు కొట్టేవాడు. కొత్త మెరుపు పోవడానికి వాటిని ఇనుప రజను నింపిన పెట్టెలో వేసి, బండికి కట్టి ఊరంతా తిప్పేవాడని చెబుతారు.

అమెరికాలో నాణేల సేకరణ పెద్ద వ్యాపారమైంది. అక్కడ 1949లో విలియం షెల్డన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పాత రాగి సెంట్ల మీద పుస్తకం రాస్తూ, నాణెం స్థితికి 1 నుంచి 70 వరకు మార్కులు వేసే పద్ధతి పెట్టాడు. ఇప్పుడు ప్రపంచమంతా వాడేది దాని నుంచి వచ్చిన పద్ధతే. 60 నుంచి 70 వరకు మార్కులు వచ్చినవి చెలామణీ కాని నాణేలు. ఆ షెల్డనే న్యూయార్కులోని అమెరికన్ న్యూమిస్మాటిక్ సొసైటీ సంగ్రహంలోని మేలిరకం సెంట్లు తీసుకొని, వాటి స్థానంలో తక్కువ రకం పెట్టాడని ఆయన మరణానంతరం పరిశోధకులు నాణేలను ఒక్కొక్కటిగా పోల్చి చూసి పట్టుకున్నారు. అది కోర్టు దాకా వెళ్లింది. మార్కులు వేసే మాస్టారి మీద కూడా తనిఖీ ఉండాలని ఈ ఉదంతం చెబుతుంది.

1972లో అమెరికన్ న్యూమిస్మాటిక్ అసోసియేషన్ వారు నాణేలను పరీక్షించి, ఫోటోతో కూడిన ధ్రువపత్రం ఇవ్వడం మొదలుపెట్టారు. మంచి పనే. కాని కాగితం ఒకచోట, నాణెం ఒకచోట. మంచి కాగితం చూపించి వేరే నాణెం అంటగట్టే వీలు మిగిలిపోయింది. దీనికి మందుగా 1986లో కాలిఫోర్నియాలో ప్రొఫెషనల్ కాయిన్ గ్రేడింగ్ సర్వీస్, అంటే పి.సి.జి.ఎస్. వారు నాణేన్నీ, చీటీనీ కలిపి ఒకే ప్లాస్టిక్ డబ్బీలో పెట్టి, మళ్లీ తెరిస్తే తెలిసిపోయేలా అతికించే పద్ధతి తెచ్చారు. మరుసటి సంవత్సరం, 1987లో, న్యూమిస్మాటిక్ గ్యారంటీ కార్పొరేషన్, అంటే ఎన్.జి.సి. వారు ప్రారంభించారు. నేటికీ ఈ రంగంలో పెద్ద సంస్థలు ఈ రెండే.

అప్పటి నుంచి కొనేవాడు నాణేన్ని చూడటం తగ్గించి డబ్బీని చూడటం మొదలుపెట్టాడు. మోసగాడు కూడా అదే గమనించాడు. నాణెం ఒక్కటే నకలు చేస్తే ఏం లాభం, డబ్బీని కూడా నకలు చేస్తే సరిపోతుంది గదా! 2008లో ఈ సంస్థల డబ్బీలకు నకళ్లు బజారులో తిరుగుతున్నాయని ఆ సంస్థలే హెచ్చరికలు చేయవలసి వచ్చింది. చీటీ, అక్షరాలు, మెరిసే ముద్ర అన్నీ దించేశారు. చెల్లని రూపాయికి గీతలెక్కువ అని మన పెద్దలు ఊరికే అనలేదు.

పి.పి.ఓ.లో రెండు భాగాలు

ఇక్కడే పెన్షనర్లకు బాగా తెలిసిన సంగతి ఒకటి పనికివస్తుంది. మన పెన్షన్ పేమెంట్ ఆర్డరు రెండు భాగాలుగా వస్తుంది. ఒకటి పెన్షనరు చేతికి, రెండోది చెల్లించే కార్యాలయానికి. కౌంటరు దగ్గరకు వచ్చినవారు తమ భాగం చూపించినంత మాత్రాన డబ్బు ఇవ్వము. మన దగ్గరి భాగం తీసి, నంబరు, పేరు, మొత్తం సరిపోల్చుతాము. అంతటితో ఆగము. ఫోటో చూస్తాము, పుట్టుమచ్చలు చూస్తాము. కాగితం నిజమైనదే అయినా తెచ్చిన మనిషి వేరు కావచ్చు.

డబ్బీలోని నాణెం విషయం కూడా అచ్చంగా ఇదే. డబ్బీ మీది చీటీ మొదటి భాగం. రెండో భాగం సంస్థ రిజిస్టరులో ఉంటుంది. పై రెండు సంస్థలూ తమ రిజిస్టరును కంప్యూటరులో ఎవరైనా ఉచితంగా చూసుకునే ఏర్పాటు చేశాయి. చీటీ మీది నంబరు కొడితే ఆ నాణెం ఏ దేశానిది, ఏ సంవత్సరానిది, ఏ గ్రేడు అన్నది వస్తుంది. చాలా నాణేలకు ఫోటో కూడా వస్తుంది. నంబరే లేకపోతే సందేహం వెంటనే తీరిపోతుంది. తెలివైన మోసగాడు అలా చేయడు. ఎక్కడో వేలం కేటలాగులో అచ్చయిన నిజమైన నాణెం నంబరు చూసి, దానినే తన దొంగ డబ్బీ మీద వేస్తాడు. అప్పుడు నంబరు కలుస్తుంది, గ్రేడు కలుస్తుంది, సంవత్సరం కలుస్తుంది. కలవనిది పుట్టుమచ్చ ఒక్కటే.

ఇది ఊహించి రాస్తున్న మాట కాదు. రెండేళ్ల క్రితం స్వర్గస్థులైన మా పాత సహోద్యోగి ఒకరు రిటైరయ్యాక నాణేల సేకరణలో పడ్డారు. ఆయన పోయిన తరువాత ఆయన శ్రీమతి గారు ఎనిమిది డబ్బీలు, ఒక ఫైలు సంచిలో పెట్టుకొని మా ఇంటికి వచ్చారు. ఆమెకు మోకాలి ఆపరేషను చేయించాలి. అవసరం వస్తే ఇవి అమ్మమని భర్త చెప్పి పోయారట. "అన్నయ్యగారూ, ఆయన వీటిని ఎంత ప్రాణంగా చూసుకున్నారో మీకు తెలుసు. అమ్మితే ఎంత వస్తుందో మీరే చూసి చెప్పండి" అన్నారు. వాటిలో అన్నింటికంటే ఎక్కువ ధర పెట్టి కొన్నది 1939 నాటి రూపాయి.

మా మనవడు సెల్‌ఫోనులో ఒక్కొక్క నంబరే కొట్టి చూపించాడు. ఏడు సరిపోయాయి. ఎనిమిదోది, ఆ 1939 రూపాయి నంబరు కూడా సరిపోయింది, గ్రేడు కూడా సరిపోయింది. ఆమె ముఖం వికసించింది. ఫోటో పెద్దది చేసి చూడమన్నాను. రిజిస్టరులోని నాణెం మీద రాజుగారి ముక్కుకు ఎదురుగా సన్నని అడ్డగీత ఒకటి ఉంది, కిరీటం కింద నల్లని చుక్క ఉంది. మా చేతిలోని నాణెం మీద ఆ రెండూ లేవు. కొత్త గీత పడిందంటే అర్థముంది. మూసిన డబ్బీలో ఉన్న గీత ఎక్కడికి పోతుంది?

ఆమెకు ఆ మాట చెప్పడం నాకు కష్టమే అయింది. చెప్పక తప్పదు. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆయన మోసపోయారంటారా?" అని అడిగారు. "ఆయనకు అమ్మినవాళ్లు ఏం చేశారో తేలాలి గాని, ఆయన చేయవలసింది చేసే పోయారమ్మా" అని ఫైలు తెరిచి చూపించాను. వేలం కేటలాగులో ఆ పేజీ, లాటు నంబరు, బిల్లు, బ్యాంకు ద్వారా సొమ్ము కట్టిన రసీదు, నియమాల కాగితం అన్నీ తేదీల వారీగా కుట్టి ఉన్నాయి. ఉద్యోగి బుద్ధి ఎక్కడికి పోతుంది! నియమాలలో నాణెం అసలుది కాదని రుజువైతే సొమ్ము తిరిగి ఇస్తామనే మాట ఉంది. రెండు ఫోటోలు పక్కపక్కన అచ్చుతీయించి, డబ్బీని తెరవకుండా, రిజిస్టరు పోస్టులో ఉత్తరం పంపాము. నాలుగు నెలల ఉత్తర ప్రత్యుత్తరాల తరువాత నాణెం ధర తిరిగి వచ్చింది, కమిషను రాలేదు. ఆపరేషను జరిగింది. ఆమె ఇప్పుడు మెల్లగా గుడికి నడిచి వెళ్లి వస్తున్నారు.

సరిచూసుకునే పద్ధతి

ఈ అనుభవం మీద సభ్యులకు కొన్ని సూచనలు చేస్తున్నాను. సంస్థ చిరునామాను మీరు స్వయంగా కొట్టి రిజిస్టరు తెరవండి. డబ్బీ మీద గడుల బొమ్మ ముద్రించి ఉంటే దానిని మాత్రమే నమ్ముకోకండి. దొంగ చీటీ మీది బొమ్మ దొంగ రిజిస్టరుకే దారి చూపవచ్చు. వేలానికి ముందే కేటలాగులోని ఫోటోను రిజిస్టరు ఫోటోతో పోల్చండి. నాణెం చేతికి వచ్చాక మూడోసారి పోల్చండి. గీతలు, మచ్చలు, రంగు మారిన చోట్లు, అంచు దగ్గరి చిన్న నొక్కులు, ఇవే పుట్టుమచ్చలు. రిజిస్టరులో ఫోటో లేకపోతే తెలిసినవారికి చూపించిన తరువాతే పెద్ద మొత్తానికి పాట పాడండి. అనుమానం వస్తే డబ్బీని పగలగొట్టకండి, మీ సాక్ష్యం పోతుంది. తిరిగి ఇచ్చే గడువు ఎన్ని రోజులో కొనే ముందే చదువుకోండి.

సర్టిఫికెట్ ఏమి చెబుతుందో, ఏమి చెప్పదో కూడా తెలియాలి. నాణెం అసలుదేనని, స్థితి ఇదని చెబుతుంది. అది ఎవరి సొత్తు అన్నది చెప్పదు. 1987 నవంబరులో జెనీవాలో జహంగీరు కాలపు వెయ్యి మొహరీల బంగారు నాణేన్ని వేలానికి పెట్టారు. అది దాదాపు పన్నెండు కిలోలు. నిజాం వంశీకుల దగ్గర ఉండినదని చెప్పే ఆ నాణెం కోసం మన సి.బి.ఐ. ఏళ్ల తరబడి వెతికింది. అక్కడ వచ్చిన ప్రశ్న దేశం సొత్తు ఎలా బయటకు వెళ్లిందనేది. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా దానిని విదేశాలకు పంపకూడదు. కనుక తాతగారి నాటి నాణేలను గ్రేడు కోసమని పార్సిలు కట్టి అమెరికా పంపే పని పెట్టుకోకండి. పొలంలో దొరికిన లంకెబిందెకు 1878 నాటి చట్టం ఉండనే ఉంది.

మరొక హెచ్చరిక. పాత నోటు, పాత నాణెం ఇస్తే లక్షలు ఇస్తామని, ముందుగా రుసుము కట్టమని ఫోనులు వస్తున్నాయి. కొందరు రిజర్వు బ్యాంకు పేరు కూడా వాడుకున్నారు. తాము అటువంటి లావాదేవీలలో లేమని, ఎవరికీ ఆ అధికారం ఇవ్వలేదని, ఎటువంటి రుసుము గాని కమిషను గాని అడగబోమని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో ప్రకటించింది. కొనేవాడు ముందుగా డబ్బు అడిగాడంటే వాడు కొనేవాడు కాదు.

చెవితో విన్న షరాబు నుంచి ఫోటో చూపే రిజిస్టరు వరకు, ఈ చరిత్రలో పనిముట్లు మారాయి గాని పని మారలేదు. ఎవరి సాక్ష్యాన్నయినా మరొక సాక్ష్యంతో సరిపోల్చిన తరువాతే సొమ్ము చెల్లించాలి. మన ఉద్యోగమంతా అదే పని చేశాము. నాణేలున్న సభ్యులు ఒక పొడుగు నోటు పుస్తకం కొని, ఒక్కొక్క నాణేనికి ఒక్కొక్క పేజీ కేటాయించి, కొన్న తేదీ, లాటు నంబరు, సర్టిఫికెట్ నంబరు, బిల్లు ఎక్కడ ఉన్నదీ రాసి, ఫోటో అతికించి, ఆ పుస్తకం ఎక్కడ పెట్టారో ఇంట్లోవారికి చెప్పి ఉంచండి. మనకున్నట్లే నాణేనికి కూడా ఒక సర్వీసు రిజిస్టరు ఉంటే, మన తరువాత దానిని చూసుకునేవారికి ఇబ్బంది ఉండదు.